'హీ' అనగా ఎవరు?

ఈ సంచికకు సంస్కృతీ విషయకమైన వ్యాసము నొకదానిని వ్రాసి పంపుమని మిత్రులు కోరిరి. కైవారము నారేయణ తాతయ్యగారి కీర్తనలను గూర్చియో, నందికొండను గూర్చియో, ముద్దేనహళ్లిని గూర్చియో నేను వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది ఇంగ్లీషు వ్యాకరణమునందలి సర్వనామమును గూర్చి. ఇది సంస్కృతి యెట్లగునని యడుగువారు కొంచెము ఓపిక పట్టవలయును. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని తెలుగు బిడ్డ తన యింటి మాటను చెప్పులతోపాటు బడి వాకిట విడిచి లోనికి పోవలసియుండుట సంస్కృతికి సంబంధించిన విషయము కాదందురా? ఆ మాటను విడిచినందువలన వానికి కలుగు నష్టము సర్వనామమునందు కనబడినంత స్పష్టముగా మరెక్కడను కనబడదు.

నేను చాల యేండ్లు ఇంగ్లీషు ఉపాధ్యాయుడనుగా పనిచేసినవాడను. ఒకనాడు ఎనిమిదవ తరగతికి పైయధికారి యొకరు పరీక్షకై వచ్చిరి. ముందు బల్లమీది బాలికను లేపి సర్వనామమునకు నిర్వచనము చెప్పుమనిరి. ఆమె ఇంగ్లీషులో గడగడ చెప్పెను. యాంటిసిడెంటు అనగానేమని అడిగిరి. అదియు చెప్పెను. అంతట వారు పాఠములోని వాక్యము నొకదానిని చదివి, ఇందులో 'షీ' ఎవరని ప్రశ్నించిరి. బాలిక మ్రాన్పడెను. నేను ఊరకుండలేక, "ఆయమ్మ అంటే ఎవురమ్మా? అవ్వా, మనవరాలా?" అంటిని. "అవ్వ సార్, మనవరాలు నిద్రపోతా ఉంది గదా" అని ఆ క్షణమే బదులు చెప్పెను. అధికారి నావైపు తిరిగి, ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాటాడితినని నన్ను మందలించి పోయిరి. బాలిక సరియైన యుత్తరము చెప్పినదన్న సంగతి వారి చెవికి ఎక్కనే లేదు.

ఆనాటి మందలింపునకు నేను చెప్పుకొనదగిన సమాధానము ఆలస్యముగా ఇప్పుడు చెప్పుచున్నాను.

బాలిక వల్లించిన నిర్వచనము 'నామమునకు బదులు వాడబడు మాట సర్వనామము' అనునది. ఇది ఇంగ్లీషువారు కనుగొన్నది కాదు. గ్రీకు వైయాకరణులు పెట్టిన పేరును లాటినువారు తమ భాషలోనికి మార్చుకొనిరి. లాటిను పేరును ఇంగ్లీషువారు తీసికొనిరి. రెండువేల యేండ్లు నలిగిన నిర్వచనమైనను అది సగమే నిజము. 'నేను' అను మాట ఏ నామమునకు బదులు? నా పేరునకు బదులని యందురు. కాని నేను నా పేరు చెప్పుకొని, 'ఫలానావాడు వచ్చెను' అనినచో వినువాడు మరియొకనిని గూర్చి చెప్పుచున్నాననుకొనును. 'ఎవరు?' అను ప్రశ్న ఏ నామమునకు బదులు? నామము తెలియకనే గదా అడుగుచున్నాము! మన సర్వనామ శబ్దమున ఈ చిక్కు లేదు. పాణిని 'సర్వ' శబ్దము మొదలుగాగల పదములను ఒక గణముగా చేర్చి, ఆ గణమునకు ఆ పేరు పెట్టెను. అన్నిటికిని పేరు కాగలది గనుక సర్వనామమని వ్యాఖ్యాతలు సార్థకము చేసిరి. బదులు అను మాటయే అందు లేదు. మన పిల్లలు 'సర్వనామము' అను చక్కని పేరును పలుకుచు, దాని క్రింద పరాయి నిర్వచనమును వల్లించుచున్నారు.

ఇక యాంటిసిడెంటు. ఆ మాటకు ముందు నడచునది అని అర్థము. 'అతడు' అన్నప్పుడు ఆ 'అతడు' ఎవనిని పట్టుకొని నిలిచియున్నదో ఆ నామము. దీనిని కనుగొనుటకు బజారున అమ్ము గైడు పుస్తకములు ఒక సూత్రము చెప్పును: సర్వనామమునకు ముందు మిక్కిలి దగ్గరగా ఉన్న నామమే దాని యాంటిసిడెంటు అని. ఈ సూత్రము తప్పు. మా చింతామణి ప్రాంతపు రైతు మాటనే తీసికొందము. 'బస్తా పెట్టెలో పట్టలేదు, అది మరీ పెద్దది.' ఇందు 'అది' బస్తా. 'బస్తా పెట్టెలో పట్టలేదు, అది మరీ చిన్నది.' ఇందు 'అది' పెట్టె. రెండు వాక్యములందును దగ్గరి నామము పెట్టెయే, వరుస మారలేదు, తుదిమాట యొక్కటి మారగా 'అది' పోయి మరియొకదానిని పట్టుకొనెను. దీనిని నిర్ణయించినది వ్యాకరణము కాదు, బస్తా ఎట్టిదో పెట్టె యెట్టిదో ఎరిగిన బుద్ధి. ఇట్టి వాక్యములనే యంత్రములకు బుద్ధి యున్నదో లేదో పరీక్షించుటకు వాడవలెనని 2011లో కెనడాలోని టొరంటోకు చెందిన లెవెస్క్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. యంత్రములకు పరీక్షగా పెట్టదగిన ఈ పనిని మా పల్లెలోని అయిదేండ్ల బిడ్డ తెలుగులో తడుముకొనకుండ చేయుచున్నది. అదే బిడ్డ పదమూడవ యేట ఇంగ్లీషు తరగతిలో మూగవోవుచున్నది. ఈ నడుమ మనము చేసినదేమి?

మనము చేసినది యిది. ఆ బిడ్డకు తెలిసినదానిని తెలియనిదిగా ఎంచితిమి. నిజమునకు తెలుగు బిడ్డకు ఈ విషయమున ఇంగ్లీషు బిడ్డకంటె ఎక్కువే తెలియును. 'తాను' అను మాటను చూడుడు. రాముడు కృష్ణునితో తన పుస్తకము పోయినదని చెప్పెను అంటిమా, పోయినది రాముని పుస్తకము. అతని పుస్తకము పోయినదని చెప్పెను అంటిమా, పోయినది కృష్ణునిది, కాకున్న మూడవవానిది, రామునిది మాత్రము కాదు. ఇంగ్లీషున రెండింటికిని 'హిజ్' ఒక్కటే. లాటినున ఇట్టి భేదము కలదు. వాక్యకర్తకు చెందినదానికి 'సూస్' అనియు ఇతరునకు చెందినదానికి 'ఏయుస్' అనియు వేరు మాటలున్నవి. ఇంగ్లీషు వ్యాకరణమును లాటిను అచ్చులో పోతపోసిన పండితులు, అచ్చులో ఉన్న ఈ సొగసును మాత్రము తమ భాషలోనికి తేలేకపోయిరి. భాషలో లేనిదానిని వారెక్కడనుండి తెత్తురు!

తెలుగు దోషరహితమని నేను చెప్పబోవుట లేదు. 'కృష్ణుడు తన పుస్తకమును పోగొట్టెనని రాముడు చెప్పెను' అన్నచో ఆ 'తన' రామునికిని పోవచ్చును, కృష్ణునికిని పోవచ్చును. అయినను 'పోగొట్టుకొనెను' అన్నంతనే ఆ 'కొను' అను చిన్న క్రియ వచ్చి పుస్తకము కృష్ణునిదేయని తేల్చును. సర్వనామము చాలనిచోట క్రియ వచ్చి చేయి పట్టు భాష మనది.

ఈ భేదము పుస్తకములో పోయినచో మార్కు పోవును. కాగితములో పోయినచో చేను పోవును. బాగేపల్లి తాలూకాలోని యొక పల్లెలో అన్న తన తమ్మునితో నలుగురి యెదుట ఒక మాట యనెను: తన కొడుకు అతని చేను దున్ని, పండినదానిలో సగము అతనికి ఇచ్చునని. తమ్మునికి ఒంట్లో బాగుండదు. అతనికిని ఒక కొడుకు కలడు గాని ఊర లేడు. తరువాత తగవు వచ్చి, ఈ మాట నోటీసు రూపమున ఇంగ్లీషులోనికి ఎక్కెను. 'హీ టోల్డ్ హిజ్ బ్రదర్ దట్ హిజ్ సన్ వుడ్ టిల్ హిజ్ ల్యాండ్ అండ్ గివ్ హిమ్ హాఫ్ ది క్రాప్.' ఎవని కొడుకు? ఎవని చేను? సగము ఎవనికి? తెలుగు వాక్యమున చిక్కులేని మాట ఇంగ్లీషున మూడు చిక్కులుగా మారెను. ఆ కాగితమును నాచేత చదివించుకొనుటకు తెచ్చిన ముసలాయన, "మేము చెప్పింది ఇది కాదు గదా సామీ" అనెను. పేర్లు పెట్టి మరల వ్రాయించునప్పటికి రెండేండ్లు గడచెను. చేను బీడుపడి యుండెను. దానిని కన్నడమున వ్రాసియుండినను ఈ కష్టము రాకపోవును. కన్నడమునకును 'తాను', 'తన్న' కలవు. దస్తావేజులు వ్రాయువారు 'సదరు' అని తెలుగునను 'సదరి' అని కన్నడమునను పదేపదే వ్రాయుట చూచి నవ్వువారున్నారు. వారు నవ్వకుందురు గాక. సర్వనామమును నమ్మి మోసపోయినవారి అనుభవము ఆ మాటలో దాగియున్నది.

ఇక 'మేము', 'మనము'. వినువానిని కలుపుకొన్న 'మనము' వేరు. వెలిపెట్టిన 'మేము' వేరు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన కాల్డ్వెల్ దొర ఈ భేదమును ప్రత్యేకముగా చర్చించెను. ఇంగ్లీషునకు 'వుయ్' ఒక్కటే. ఆధునిక కన్నడమునకును 'నావు' ఒక్కటే. కావున కన్నడ మాధ్యమమున ఇంగ్లీషు నేర్చుకొను తెలుగు బిడ్డకు ఉపాధ్యాయుడు 'వుయ్ అనగా నావు' అని చెప్పినప్పుడు, ఆ రెండు భాషలును విడిచివేసిన ప్రశ్న యొకటి ఆ బిడ్డ మనసులో లేచును: 'నన్ను కలుపుకొనియా, కలుపుకొనకయా?' ఇది మందబుద్ధి వేయు ప్రశ్న కాదు. పాఠములో 'వుయ్' కనబడినప్పుడెల్ల ఇందులో ఎవరెవరున్నారని వెదకుటకంటె యాంటిసిడెంటును గూర్చిన మంచి శిక్షణ మరియొకటి లేదు. ఆ ప్రశ్నను నోటనే అణచివేయుచున్నాము.

న్యాయము చెప్పవలెనన్న, తెలుగు మన బిడ్డలను తప్పుదారి పట్టించుచోట్లును లేకపోలేదు. 'ఆమె వచ్చినది', 'ఆవు వచ్చినది': మన క్రియకు స్త్రీయు పశువును ఒక్కటే. చనువున గాని చులకనగా గాని ఆడుదానిని 'అది' యనుటయు కలదు. అందుచేత 'షీ' అనవలసినచోట 'ఇట్' అని వ్రాయు పిల్లలను నేను పెక్కుమందిని చూచితిని. ఇక్కడ కన్నడము మనకు చుట్టము. 'అవళు బందళు', 'అదు బంతు' అని కన్నడ క్రియ స్త్రీని వేరుచేసి చూపును. మా సరిహద్దు బిడ్డకు రెండు భాషలును నోటనే ఉన్నవి. 'షీ', 'ఇట్' భేదమును కన్నడముతో చూపి, 'వుయ్' లోని మరుగును తెలుగుతో చూపి, 'హిజ్' లోని చిక్కును రెండింటితోను విప్పగల తరగతి లండనులో లేదు, హైదరాబాదులోను లేదు, బాగేపల్లిలో కలదు. అట్టి తరగతిలో ఇంగ్లీషు తప్ప మరేమియు వినబడరాదని శాసించుట నిండిన ధాన్యపు కొట్టునకు తాళము వేసి ముష్టికి పంపుటయే గదా.

మా ప్రాంతపు నోటి తెలుగునందు మరియొక సంపద కలదు. 'వాడు' అనుట కూడదు, 'ఆయన' అనుట మరీ దూరము అనుకొన్నచోట 'ఆయప్ప' అందుము, అటులనే 'ఆయమ్మ'. అప్పయు అమ్మయు సర్వనామములుగా మారి తిరుగుచున్న భాష యిది. నేను చదివిన యే బడి వ్యాకరణమునను ఈ మాటలు లేవు. 'హీ' అన్నంతనే 'వాడు' అని అర్థము చెప్పు ఉపాధ్యాయుని యెదుట, గాంధీగారిని గూర్చిన పాఠములో బిడ్డ మొగము చిట్లించుట నేనెరుగుదును. 'ఆయప్ప' అని చెప్పి చూడుడు. 'హీ' కి ప్రాణము వచ్చును.

విశేషణ వాక్యములందు కష్టము ఇంకొక తీరు. 'బెంగళూరిలో ఉన్న అన్న' అని తెలుగున ముందు వర్ణన, పిమ్మట నామము. ఇంగ్లీషున నామము ముందు వచ్చి, 'హూ' అను మాట దాని వెనుక నడచును. అనగా యాంటిసిడెంటు నిజముగా ముందు నడచునది ఇంగ్లీషున. మన భాషలో అది వెనుక నడచునది. ఈ తారుమారును ఒక్కసారి నల్లబల్లమీద రెండు వాక్యములను పక్కపక్కన వ్రాసి చూపినచో, 'మై బ్రదర్ హూ హీ లివ్స్' అను తప్పు చాలవరకు మాయమగును. చూపుటకు తెలుగు వాక్యము కావలెను. అదియే నిషిద్ధము. 'ఇట్ ఈజ్ రెయినింగ్' అనుదానియందలి 'ఇట్' కు యాంటిసిడెంటు ఏదియని బిడ్డ అడిగినచో, ఏదియు లేదని నిర్భయముగ చెప్పవలెను. మనకు వాన కురియుట చాలును, ఇంగ్లీషు వాక్యమునకు ఖాళీ పీటమీద ఎవరినైన కూర్చుండబెట్టక తోచదు.

ఇంగ్లీషు తరగతిలో ఇంగ్లీషే వినబడవలెనను ఈ శాసనము ఎక్కడిది? 1961లో ఆఫ్రికాలోని ఉగాండా దేశమున మకెరెరెలో ఇంగ్లీషు బోధనను గూర్చి యొక సమావేశము జరిగెను. ఇంగ్లీషును ఇంగ్లీషు మూలముననే చక్కగా నేర్పవచ్చునన్న అభిప్రాయము అచ్చట బలపడి లోకమంతట వ్యాపించెను. 1992లో ఫిలిప్సన్ అను పండితుడు ఆ సమావేశపు సిద్ధాంతములను ఒక్కొక్కదానిని పరీక్షించి భ్రమలని వ్రాసెను. అంతకుముందే 1967లో డాడ్సన్ అనునాయన మాతృభాషను తోడు చేసికొని పరభాషను నేర్పు పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. పుట్టినచోటనే ఎదురు వాదములకు లోనైన సిద్ధాంతము మా తాలూకా బడులలో మాత్రము వేదవాక్యమై నిలిచియున్నది.

రాజ్యాంగమును తలచువారున్నారు గనుక ఆ మాటయు చెప్పెదను. 1955 నాటి రాష్ట్ర పునర్విభజన సంఘము అప్పటి కోలారు జిల్లాలో తెలుగువారు హెచ్చని యెరిగియు, ఆ జిల్లా కన్నడ రాష్ట్రముననే ఉండవలెననెను, అట్లే జరిగెను. దానిని తిరుగదోడుట నా పని కాదు. ఆ జిల్లానుండి 2007లో చిక్కబళ్లాపురము జిల్లా వేరుపడెను. 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. 2014 మే 6న సుప్రీముకోర్టు మాధ్యమమును ఎన్నుకొను హక్కు తల్లిదండ్రులదని తీర్పు చెప్పెను. తీర్పును ఆసరాగొని మనవారు ఎన్నుకొన్నదేమి? ఇంగ్లీషు మాధ్యమము! కావున కన్నడమువారిని నిందించుటకు నాకు నోరు రాదు. మాస్తి వెంకటేశ అయ్యంగారు కోలారు సీమలో తమిళపుటింట పుట్టి కన్నడమునకు కీర్తి తెచ్చిరి. ముద్దేనహళ్లిలో తెలుగింట పుట్టిన విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్లాపురమున చదువుకొని పైకి వచ్చిరి. ఇంటి భాష వేరై బడి భాష వేరగుట ఈ సీమకు క్రొత్త కాదు, అవమానమును కాదు. ఇంటి భాషను నోరెత్తనీయకపోవుటయే క్రొత్త. ఈ పని చేయువారిలో మొదటివారు తెలుగు తల్లిదండ్రులే. బిడ్డ ఇంట 'ఆయమ్మ' అన్నచో, 'షీ అను' అని గద్దించు తండ్రిని నేను చూచితిని. ఆ తండ్రికి 'షీ' ఎవరో తెలియదు.

ఇంగ్లీషు సర్వనామము శిలాశాసనమని తలచి భయపడువారికి ఒక్క మాట. పుంలింగ పదములలో స్త్రీలును చేరుదురని బ్రిటిషు పార్లమెంటు 1850లో చట్టము చేయవలసి వచ్చెను. మన దేశమున 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమున అదే నియమము నేటికిని కలదు. 'హీ' చాలదని తెలిసియే గదా ఆ చట్టము! ఒక్క మనిషికి 'దె' వాడవచ్చునా యని వారిలో వారు చిరకాలముగ కలహించుచునే యున్నారు. 2019లో అమెరికా మనస్తత్త్వశాస్త్ర సంఘమువారి రచనా నియమావళి దానిని అంగీకరించెను. ఒక్కరిని 'వారు' అని పిలుచుట మనకు అవ్వ కాలమునుండి అలవాటు. ఇంగ్లీషు బిడ్డకు వింతగా తోచునది మన బిడ్డకు వింత కాదు.

నా కోరిక పెద్దది కాదు. క్రొత్త పాఠ్యపుస్తకము వలదు, క్రొత్త సంఘము వలదు. ఇంగ్లీషు పాఠములో 'హీ', 'షీ', 'ఇట్', 'దె' కనబడినప్పుడెల్ల ఉపాధ్యాయుడు "ఎవురు?" అని తెలుగున గాని "యారు?" అని కన్నడమున గాని అడుగవలెను. బిడ్డ చెప్పిన నామమువరకు సుద్దముక్కతో ఒక గీత గీయవలెను. నిర్వచనమును ఆ సంవత్సరాంతమున చెప్పినను చాలును.

దీనికి ఒప్పుకొనని పెద్దలు ఈ వాక్యమును, పేర్లు చేర్చక, సర్వనామములతోనే ఇంగ్లీషులోనికి మార్చి చూపుదురు గాక: 'మేము రేపు చింతామణికి పోవుదుము, ఎల్లుండి మనము కలిసికొందము, తన బండి అతనికిచ్చి వత్తునని ఆయప్ప చెప్పినాడు.' వారు వ్రాసిన వాక్యమును ఎనిమిదవ తరగతి బాలికకు చూపి, ఎవరు పోవుదురో, ఎవరు కలియుదురో, బండి యెవరిదో అడుగుదము.